దుంప బిగోనియాల పెట్టె: రెండు వేసవులు పెంచి చూశాక

గత ఏడాది ఫిబ్రవరి రెండో వారంలో ఒక ఆన్‌లైన్ దుకాణం నుంచి 12 దుంప బిగోనియాలు తెప్పించుకున్నాను. వాటిలో ఆరు గులాబీ ఆకారంలో విచ్చుకునే ముద్ద పూల రకం, మూడు రేకు అంచున వేరే రంగు గీత ఉండే రకం, మూడు బుట్టల్లో వేలాడదీసుకునే రకం. రవాణాతో కలిపి 71 డాలర్లు అయింది. మేముండేది సియాటిల్ దగ్గర. ఇంటి ఈశాన్య మూలన కుండీలు పెట్టుకునే చిన్న వరండా, దాని ముందు జపాన్ మేపుల్ చెట్టు కింద ఒక పూలమడి ఉన్నాయి. దుంప కొన్నప్పుడు దాని విలువ మొదటి ఏడాది పూలతో తేలదు, చలికాలం దాటి మళ్ళీ మొలిచినప్పుడే తేలుతుంది. అందుకే తొందరపడకుండా రెండో ఏడాది పూలు కూడా చూసి ఈ సమీక్ష రాస్తున్నాను.

రాజమహేంద్రవరంలో పెరిగిన నాకు బిగోనియా అంటే కడియం నర్సరీల్లో కనిపించే మొక్కే: వెండి, ఊదా రంగులు కలిసిన ఆకుల రెక్స్ రకం, లేదా పొడవాటి కాడ మీద చుక్కల ఆకులు వేసే రకం. పువ్వు వచ్చినా రాకపోయినా ఆకు కోసమే వాటిని పెంచుతారు. దుంప బిగోనియా ఆ వంశానిదే అయినా దాని తీరు పూర్తిగా వేరు. ఇది దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతాల చల్లని ఎత్తుల నుంచి వచ్చిన జాతుల సంకరం. ఇంగ్లండులోని వీచ్ నర్సరీ పంపగా రిచర్డ్ పియర్స్ అనే మొక్కల అన్వేషకుడు 1860ల్లో ఆ కొండల నుంచి కొన్ని జాతులను సేకరించాడు; అదే నర్సరీలో పనిచేసిన జాన్ సీడెన్ వాటిని కలిపి 1870లో తొలి సంకరాన్ని విడుదల చేశాడు. పియర్స్ పేరు పెట్టుకున్న జాతి పువ్వు పసుపు రంగులో ఉంటుంది. ఈనాటి పసుపు, నారింజ రంగుల బిగోనియాలకు ఆ రంగు అక్కడినుంచే వచ్చింది. ఫ్రాన్స్‌లోని నాన్సీ నగరంలో విక్టర్ లెమోయిన్ ముద్ద పూల రకాలను తీర్చిదిద్దాడు. ఈ చరిత్ర ఇక్కడ చెప్పడానికి కారణం ఉంది: మొక్క పుట్టిన చోటు తెలిస్తే దానికి ఏం కావాలో సగం తెలిసినట్టే. పగలు ఒక మోస్తరు వెచ్చదనం, రాత్రి చల్లదనం, గాలిలో కాస్త తేమ, ఎండ నేరుగా తగలని వెలుతురు దీనికి కావాలి.

ఇక పెట్టె సంగతి. దుంపలను ఒక్కొక్కటి కాగితపు సంచిలో పొడి పీట్ (చిత్తడి నేలల్లో నాచు చివికి ఏర్పడే తేలికపాటి పొట్టు) మధ్య ఉంచి, రకం పేరు రాసిన చీటీ జతచేసి పంపారు. ప్యాకింగు శ్రద్ధగా ఉంది, ఆ విషయంలో వంక పెట్టలేను. చీటీల మీద బెల్జియంలో పండించినవని రాసి ఉంది. అక్కడ గెంట్ నగరం చుట్టుపక్కల తరతరాలుగా బిగోనియా దుంపలను పొలాల్లో పంటలాగా వేస్తారు. బ్రస్సెల్స్ నగర చౌకులో 1971 నుంచి పరుస్తున్న పూల తివాచీకి బిగోనియాలనే ప్రధానంగా ఎంచుకోవడానికి ఒక కారణం ఆ పంట దగ్గరలోనే ఉండటం, రెండోది ఆ పూలు తెంపాక కూడా త్వరగా వాడకుండా నిలవడం.

దుంపలను వ్యాసం కొలిచి అమ్ముతారు. ప్రకటనలో "5 సెంటీమీటర్లకు పైన" అని ఉంది. నేను స్కేలు పెట్టి కొలిస్తే గులాబీ రకం ఆరూ ఆ మాటకు తగ్గట్టే ఉన్నాయి. వేలాడే రకం మూడూ 4 సెంటీమీటర్ల దగ్గరే ఆగిపోయాయి. అయితే కొనేవారు పరిమాణం కన్నా ముందు చూడాల్సింది గట్టిదనం. బొటనవేలితో నొక్కితే మంచి చామదుంపలాగా గట్టిగా ఉండాలి, ఎక్కడా మెత్తగా దిగకూడదు, పైన బూజు కనిపించకూడదు. నాకు వచ్చినవాటిలో తెల్ల గులాబీ రకం దుంప ఒకటి అడుగున మెత్తబడి, పులిసిన వాసన వేస్తోంది. అంచు గీత రకంలో ఒకటి ఎండి బెండులాగా తేలికగా ఉంది. దానికి ప్రాణం ఉందేమోనన్న ఆశతో ఉంచాను కాని చివరికి మొలవలేదు. ఆ విధంగా 12లో 10 మొలిచాయి. దుంపల వ్యాపారంలో ఇది దారుణమైన ఫలితమేమీ కాదు, గొప్పగా చెప్పుకోదగినదీ కాదు.

నా అసలు అభ్యంతరం పెట్టెతో వచ్చిన సూచనల కాగితం మీద. "రెండు అంగుళాల లోతున నాటండి" అని అందులో ఉంది. తులిప్‌కో లిల్లీకో రాసిన వాక్యాన్ని తెచ్చి బిగోనియాకు అంటించినట్టుంది. ఈ దుంపకు ఒకవైపు గుండ్రంగా, రెండోవైపు గిన్నెలాగా గుంట పడి ఉంటుంది. మొలకలు ఆ గుంటలోనుంచి గులాబీ రంగు మొటిమల్లాగా వస్తాయి. ఇంట్లో కంద నాటినవారికి ఇది కొత్తగా అనిపించదు. కందకు మొలక ఎటుందో చూసి అటువైపు పైకి పెట్టినట్టే ఇక్కడా గుంట పైకి రావాలి. దుంప పైభాగం మట్టితో సమానంగా ఉండాలి, లేదా మహా అయితే పలుచని పొర కప్పాలి. రెండు అంగుళాల లోతున తడి మట్టిలో పూడ్చిన దుంప మొలిచేలోగా కుళ్ళే అవకాశమే ఎక్కువ. నీళ్ళు కూడా ఆ గుంటలో నిలవకుండా చుట్టూ పోయాలి. మొదటిసారి కొన్నవారు ఆ కాగితాన్ని నమ్మి నాటితే మొత్తం డబ్బు మట్టిపాలవుతుంది, పైగా తప్పు తమదేనని వాళ్ళు అనుకుంటారు. పూల బొమ్మల కోసం అంత మంచి కాగితం వాడిన దుకాణం, నాటే పద్ధతిని సరిగా రాయించడానికి కూడా అంతే శ్రద్ధ తీసుకోవాల్సింది.

నేను మార్చి మొదటి వారంలో వెడల్పాటి ట్రేలో కొబ్బరి పొట్టు, పెర్లైట్ (మట్టిని గుల్లగా ఉంచే తేలికపాటి తెల్ల రాతి గుళికలు) సమపాళ్ళలో కలిపి, దుంపలను సగం వరకు అందులో కూర్చోబెట్టి, వంటగది కిటికీ దగ్గర 20 డిగ్రీల వెచ్చదనంలో ఉంచాను. పొట్టు పిండితే నీరు కారనంత తేమ చాలు. కొన్ని మూడు వారాలకే మొలిచాయి; ఎర్ర గులాబీ రకం ఒకటి ఆరో వారంలో గాని కళ్ళు తెరవలేదు. ఈ ఆరు వారాల సంగతి గుర్తుంచుకోవాలి, దుకాణం హామీ గురించి చెప్పేటప్పుడు మళ్ళీ ప్రస్తావిస్తాను. మొలక అరచేయి ఎత్తు అయ్యాక 20 సెంటీమీటర్ల కుండీకి ఒకటి చొప్పున మార్చాను. వేలాడే రకం మూడింటిని 30 సెంటీమీటర్ల బుట్టలో కలిపి పెట్టాను. రాత్రి చలి 10 డిగ్రీలకు దిగడం ఆగిన తరువాత, అంటే మే మూడో వారంలో, బయటికి తెచ్చాను. మొదటి వారం రోజూ కొన్ని గంటలే బయట ఉంచి అలవాటు చేశాను.

గులాబీ రకం తొలి పువ్వు జూలై 4న విచ్చుకుంది. ముదురు ఎరుపు, రేకు మీద రేకు పేర్చినట్టుండే ఆ ముద్ద పువ్వు అడ్డంగా 13 సెంటీమీటర్లు వచ్చింది. మందారంలో రేక మందారం, ముద్ద మందారం తేడా తెలిసినవారికి ఒక్క మాట చెబితే చాలు: ఇది ముద్దలకే ముద్ద. రెండో ఏడాది, దుంపలు 8 సెంటీమీటర్ల వరకు ఊరాక, అదే మొక్క 16 సెంటీమీటర్ల పువ్వు ఇచ్చింది. ఉదయం ఏటవాలు వెలుతురు పడినప్పుడు ఆ రేకులు లోపలినుంచి వెలిగినట్టు కనిపిస్తాయి. ప్రకటనలోని బొమ్మ ఈ ఒక్క విషయంలో అతిశయోక్తి కాదు.

అంత పెద్ద పువ్వు రావడానికి కొంత పని చేయాలి, ఆ పని గురించి కూడా పెట్టెలో ఎక్కడా లేదు. ఒక్కో పూగుత్తిలో సాధారణంగా మూడు మొగ్గలు వస్తాయి. నడిమిది మగ పువ్వు, అదే ముద్దగా విచ్చుకునేది. రెండు పక్కలా ఉండేవి ఆడ పూలు. వాటి వెనుక మూడు రెక్కలున్న చిన్న కాయలాంటి భాగం ఉంటుంది కాబట్టి సులువుగా గుర్తుపట్టవచ్చు. ఆడ మొగ్గలు బఠాణీ గింజంత ఉండగానే గిల్లేస్తే బలమంతా నడిమి పువ్వుకు పోతుంది. దుంప నుంచి నాలుగైదు కొమ్మలు లేస్తే ఒక్కటో రెండో ఉంచి మిగతావి చిన్నగా ఉండగానే తీసేయాలి. పువ్వు బరువుకు కాడ విరుగుతుంది కనుక ఊతకర్ర తప్పదు, దాన్ని కూడా దుంప నాటేటప్పుడే పక్కన పాతాలి. ఆ తరువాత గుచ్చితే దుంపలో దిగుతుంది. ఇంకొక సంగతి: ఆకుల కొనలు ఎటు చూపిస్తే పూలు దాదాపు అటే చూస్తాయి. కుండీని మొదటే ఆ ప్రకారం తిప్పి పెట్టుకుంటే పువ్వు మొహం గోడవైపు కాకుండా మనవైపు ఉంటుంది. ప్రతివారం కుండీని తిప్పే అలవాటున్నవారు ఈ మొక్క విషయంలో దాన్ని మానుకోవాలి.

ఎరువు విషయంలో నేను పొదుపుగానే ఉన్నాను. డబ్బా మీద చెప్పిన మోతాదులో పావు వంతు ద్రవ ఎరువును పది రోజులకొకసారి ఇచ్చాను, మొగ్గలు కనిపించిన తరువాత నత్రజని తక్కువ, పొటాష్ ఎక్కువ ఉన్నదానికి మారాను. నత్రజని ఎక్కువైతే ఆకులు ముదురు ఆకుపచ్చగా ముడుచుకుని, మొక్క కండ పట్టి, మొగ్గ వేయడానికి తాత్సారం చేస్తుంది.

వేలాడే రకం గురించి ముందు నాకు పెద్దగా ఆశ లేదు, దుంపలు చిన్నవి కావడం వల్ల. కాని రెండు వేసవుల్లోనూ వరండాలో అందరి చూపూ ఆగింది ఆ బుట్ట దగ్గరే. పువ్వు చిన్నది, 6 సెంటీమీటర్లకు మించదు, ముద్దతనం కూడా తక్కువ. అయితే జూన్ చివరి నుంచి అక్టోబరు నడిమి వరకు ఒక్క వారం కూడా ఖాళీగా లేదు. దానికి ఊతకర్ర అక్కర్లేదు, మొగ్గలు గిల్లే పనీ లేదు, రాలిన పూలు ఏరేస్తే చాలు. అంచు గీత రకం నన్ను నిరాశపరిచింది: తెల్ల రేకుకు గులాబీ అంచు స్పష్టంగా ఉంటుందని ప్రకటన చెప్పింది, నాకు వచ్చిన రెండింటిలోనూ ఆ రంగు లోపలికి పాకి మసకగా కలిసిపోయింది.

పసుపు రంగువని చీటీ ఉన్న రెండు గులాబీ రకం దుంపల్లో ఒకటి లేత నారింజ కలిసిన గులాబీ రంగులో పూసింది. పువ్వు అందంగానే ఉంది, కాని నేను డబ్బు ఇచ్చింది పసుపు రంగుకు. ఇక్కడే దుకాణం హామీ సంగతి వస్తుంది. దుంపలు చేతికి అందిన 30 రోజుల్లోపు ఫిర్యాదు చేయాలని వాళ్ళ నియమం. మెత్తబడిన దుంపకు ఫోటో పంపితే రెండు రోజుల్లో డబ్బు తిరిగి ఇచ్చారు; మర్యాదగా మాట్లాడారు కూడా. మొలవనిదాని గురించి ఏప్రిల్‌లో రాస్తే గడువు దాటిందన్నారు. రంగు తప్పిన సంగతి జూలైలో తప్ప ఎవరికీ తెలియదు, అప్పుడు రాసిన లేఖకు జవాబే రాలేదు. ఫిబ్రవరిలో పంపే దుంప మొలవడానికే ఆరు వారాలు పట్టవచ్చు, రంగు తెలియడానికి ఐదు నెలలు పడుతుంది. అటువంటి సరుకుకు 30 రోజుల హామీ అంటే ప్యాకింగుకు హామీ ఇచ్చినట్టే గాని మొక్కకు ఇచ్చినట్టు కాదు. కొనేముందు ఈ గడువు ఎంతో తప్పక చదవండి; పూసే కాలం దాకా రంగుకు, రకానికి పూచీ పడే దుకాణం కొంచెం ఎక్కువ ధర చెప్పినా అక్కడే కొనడం మేలు.

పూలమడి అనుభవం వేరు. పోలిక కోసం మే నెలలో దగ్గరి నర్సరీలో చిన్న కుండీల్లో పెరిగిన నాన్‌స్టాప్ రకం మొక్కలు ఆరు, ఒక్కొక్కటి 5 డాలర్లకు కొన్నాను. జర్మనీకి చెందిన బెనరీ సంస్థ విత్తనం నుంచి పెంచుకునేందుకు వీలుగా రూపొందించిన వరుస ఇది. మేపుల్ చెట్టు నీడలో 25 సెంటీమీటర్ల ఎడంతో ఈ ఆరింటినీ, పెట్టెలోని గులాబీ రకం రెండింటినీ నాటాను. నాన్‌స్టాప్ మొక్క జానెడు ఎత్తులో గుబురుగా నిలిచింది, పువ్వు 8 సెంటీమీటర్ల దాకా వచ్చింది, ఊతకర్ర అవసరం పడలేదు, వర్షానికి వాలలేదు. గులాబీ రకం పెద్ద పూలు మాత్రం మడిలో తలలు వేలాడేసి, తడిసి, మట్టి చిమ్మి పాడయ్యాయి. పైగా నత్తలు రాత్రికి రాత్రి రేకులు కొరికేశాయి. ఐరన్ ఫాస్ఫేట్ గుళికలు చల్లాక వాటి బెడద తగ్గింది. నా నిర్ణయం స్పష్టంగా చెబుతాను: పెద్ద ముద్ద పూల దుంపలు కుండీలో, కంటికి ఎదురుగా ఉండే ఎత్తులో పెంచుకోవడానికే; మడికి నాన్‌స్టాప్ వంటి పొట్టి రకం చాలు.

తెగుళ్ళలో అన్నిటికన్నా ఇబ్బంది పెట్టింది బూడిద తెగులు. ఆగస్టు నెలాఖరులో పగలు పొడిగా, రాత్రి చల్లగా తేమగా మారే రోజుల్లో ఆకుల మీద తెల్లని మచ్చలు మొదలవుతాయి. కుండీల మధ్య గాలి ఆడేలా జరపడం, ఉదయం పూట మట్టికి మాత్రమే నీళ్ళు పోయడం, మచ్చ పడిన ఆకును వెంటనే తీసేయడం నాకు మందుకన్నా ఎక్కువ ఉపయోగపడ్డాయి. మచ్చలు రాకముందు నుంచే వేపనూనె పలుచగా కొట్టిన కుండీల్లో తెగులు ఆలస్యంగా వచ్చింది, అసలు రాకుండా మాత్రం ఆగలేదు. ఇంట్లో కుక్కో పిల్లో ఉన్నవారు దుంపలను వాటికి అందనిచోట ఉంచాలి. వీటిలోని ఆక్సలేట్లు వాటికి హాని చేస్తాయి.

చలికాలం దాచడం గురించి నేను నేర్చుకున్నది ఒక నష్టంతో. సెప్టెంబరు చివరి నుంచి నీళ్ళు తగ్గించాను. ఆకులు పసుపెక్కి, కాడలు కణుపుల దగ్గర వాటంతట అవే ఊడిపడతాయి. అంచు గీత రకం ఒకదాని కాడ ఊడేవరకు ఆగలేక కత్తితో కోశాను. ఆ మొండెం దగ్గర మొదలైన కుళ్ళు జనవరికల్లా దుంపను తినేసింది. మిగతా తొమ్మిదింటిని మట్టి దులిపి, పది రోజులు నీడన ఆరబెట్టి, పొడి పీట్ నింపిన కాగితపు సంచుల్లో గ్యారేజీలో 7 డిగ్రీల దగ్గర ఉంచాను. వేలాడే రకంలో ఒకటి ముడతలు పడి ఎండిపోయింది. చిన్న దుంప త్వరగా ఎండుతుందని అప్పుడు అర్థమైంది. ఎనిమిది మిగిలి ఈ ఏడాది పూశాయి. 71 డాలర్లకు రెండు వేసవులు, ఇంకా పెరుగుతున్న ఎనిమిది దుంపలు అనుకుంటే ధర న్యాయంగానే ఉంది.

ఈ పూల ఫోటోలు చూసి రాజమహేంద్రవరం నుంచి మా పిన్ని కూడా దుంపలు పంపమని అడిగింది. పిన్నికి చెప్పిన మాటే మన జిల్లాల్లో కొనాలనుకునేవారికీ చెబుతున్నాను. మన మైదానాల్లో ఈ మొక్కకు రెండు తలుపులూ మూసుకుని ఉంటాయి. దీనికి పూయాలంటే పగలు 12 గంటలకు పైగా ఉండాలి. అంతకన్నా తగ్గితే మొక్క పూలు మానేసి దుంపను ఊరబెట్టుకునే పనిలో పడుతుంది. మనకు చల్లగా ఉండే డిసెంబరులో పగలు 11 గంటలే. పగలు 13 గంటలకు చేరే మే, జూన్ నెలల్లో రాత్రి కూడా 27, 28 డిగ్రీల వేడి ఉంటుంది, ఆ వేడికి మొగ్గలు రాలి కాడ కుళ్ళుతుంది. సియాటిల్‌లో జూన్ పగలు 16 గంటలు, జూలై రాత్రి సుమారు 13 డిగ్రీలు. ఇక్కడ కూడా ఈ ఏడాది ఎండ 34 డిగ్రీలు దాటిన ఒక వారంలో గులాబీ రకం మొగ్గలు సగం రాలిపోయాయి. అందుకే పిన్నికి దుంపలు పంపలేదు. కడియంలో దొరికే చుక్కల ఆకుల బిగోనియాను తూర్పు అరుగు మీద పెట్టుకోమన్నాను. ఊటీ ప్రభుత్వ ఉద్యానవనం వంటి చోట్ల, 2,200 మీటర్లకు పైగా ఎత్తున అద్దాల ఇంట్లో పెంచే బిగోనియాలను చూసి ఆశపడి మైదానానికి దుంపలు తెచ్చుకోవద్దు.

ఐదు నక్షత్రాల్లో గులాబీ రకం దుంపలకు నాలుగున్నర, వేలాడే రకానికి నాలుగు, అంచు గీత రకానికి రెండు ఇస్తాను. దుకాణం సేవకు రెండున్నర, అదీ ప్యాకింగు వల్ల. వచ్చే ఫిబ్రవరిలో 5 సెంటీమీటర్లకు తగ్గని వేలాడే రకం దుంపలు ఆరు, ఎరుపు గులాబీ రకం రెండు కొంటాను, హామీ గడువు పూత దాకా ఉన్న మరో దుకాణంలో. పసుపు రంగును మాత్రం జూలైలో నర్సరీకి వెళ్ళి, పువ్వు కళ్ళారా చూసి, కుండీతో సహా తెచ్చుకుంటాను.